డాబా మీద రెండు దుప్పట్లు

పొద్దు వాలినా డాబా నేల ఇంకా కాళ్ళకి చురుక్కుమంటోంది. పిన్ని రెండు బక్కెట్ల నీళ్ళు కుమ్మరించి చీపురుతో తోసేసరికి ఆవిరి లేచింది. బట్టలారేసే దండేనికి నేను తెల్ల దుప్పటి కడుతున్నాను. గాలి ఉప్పాడ వైపు నుంచి వస్తోంది, దుప్పటి ఉబ్బిపోతోంది. "కింద అంచుకి ఇటికలు కట్టవే, నిలబడద్ది," అంది వదిన. ఇటికలు కట్టాం. నిలబడింది.

పిఠాపురంలో కుంతీమాధవస్వామి గుడికి కాస్త ఎడంగా ఉన్న ఇల్లిది. ప్రొజెక్టర్ కాకినాడ నుంచి తెచ్చాను. కరెంటు కోసం ఎక్స్‌టెన్షన్ బాక్సు వంటింట్లోంచి మెట్ల మీదుగా పైకి లాగాం. స్పీకరు ఖాళీ ఊరగాయ జాడీ మీద పెట్టాం. దూరంగా చెన్నై లైను మీద రైలు పోతోంది. మీరూ ఆ చాప మీద కాస్త జరిగి కూర్చోండి. మామ్మగారికి మాత్రం కుర్చీ వేశాం, ఆవిడ కింద కూర్చుంటే లేవలేరు.

చీకటి పడగానే రమ్మన్నాను గానీ, మగవాళ్ళకి అన్నాలు పెట్టి, గిన్నెలు సర్ది, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఎదురింటి అక్క పెళ్ళిళ్ళకి పిండివంటలు చేయడానికి వెళ్తుంది, ఇప్పటికీ చేతులు బెల్లం వాసనొస్తున్నాయి. ఆవిడ పక్కన కొత్తపల్లి నుంచి ఈ వీధికి కోడలిగా వచ్చిన అమ్మాయి. వాళ్ళ పుట్టింట్లో జాందానీ మగ్గం ఉంది, కండెలు చుట్టడం చిన్నప్పటి నుంచీ ఆమె పని. ఆ వెనక కాకినాడ బస్సెక్కి డిగ్రీ చదువుకొచ్చే పిల్ల, పిన్ని, వదిన.

"ఏం సినిమానే?" అని అడిగారు మామ్మగారు.

"సినిమా కాదు మామ్మా, వీడియోలు."

"ఎవరి పెళ్ళివి?"

వీడియో అంటే ఊళ్ళో ముందుగా గుర్తొచ్చేది పెళ్ళి వీడియోనే. ఈ డాబా మీద ఉన్న ఆడవాళ్ళలో పెళ్ళయిన వాళ్ళంతా, మామ్మగారు తప్ప, బతుకులో ఒక్కసారి కెమెరాకి ఎదురుగా నిలబడ్డవాళ్ళే. ఆ రెండు రోజులూ వీడియో తీసే అతను చెప్పినట్టల్లా విన్నారు. తల కొంచెం దించమ్మా. గాజులు కనపడేలా చెయ్యి పైకి పెట్టు. ఇప్పుడు అబ్బాయి వైపు చూడు, చాలు, దించేయ్. కెమెరా పారాణి దగ్గర మొదలై మట్టెలు, వడ్డాణం, గాజులు, బుట్టలు, ముక్కుపుడక అంటూ పైకి పాకుతుంది. ముఖం దాకా వచ్చేసరికి పాట మారిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమె చేసే ఏ పని మీదికీ ఏ కెమెరా తిరగదు. ఎక్కడ తల దించాలో, ఎంత నవ్వాలో, అప్పగింతల్లో ఎంతసేపు ఏడవాలో మన ఊళ్ళలో ఆడపిల్లకి ఎన్నాళ్ళగానో నేర్పుతున్నదంతా ఆ పెళ్ళి వీడియోలో కుదించి కనబడుతుంది.

నేను చూపించబోయే వీడియోలు దానికి ఎదురు తిరిగినవి. 1967లో సోనీ కంపెనీ పోర్టాపాక్ అనే కెమెరాను అమ్మకానికి పెట్టింది. భుజానికి తగిలించుకుని ఒక్క మనిషే మోసుకుపోవచ్చు. సినిమాకి కావలసినంత జనం అక్కర్లేదు, ల్యాబుకి పంపక్కర్లేదు, తీసిన వెంటనే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. చిత్రలేఖనానికీ శిల్పానికీ శతాబ్దాల నాటి మగ గురువులున్నారు. వీడియోకి గురువులే లేరు, ఇలా చెయ్యి అలా చెయ్యకూడదు అని చెప్పేవాడు లేడు. అందుకే డెబ్భైల్లో ఎందరో ఆడవాళ్ళు ఆ పెట్టెను అందుకున్నారు. గది తలుపు వేసుకుని, కెమెరా నిలబెట్టి, తామే ఎదురుగా వచ్చి నిలబడ్డారు. తల దించమని చెప్పేవాడు లేని గది అది.

మొదట పెట్టింది 1975లో అమెరికా కళాకారిణి మార్తా రోస్లర్ చేసిన 'సెమియాటిక్స్ ఆఫ్ ది కిచెన్'. నలుపు తెలుపు, ఆరు నిమిషాలు. వంటింట్లో బల్ల వెనకాల ఒకావిడ నిలబడి ఉంది. ఏప్రాన్ కట్టుకుంటూ దాని పేరు చెప్పింది. తర్వాత బౌల్, చాపర్, డిష్. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఒక్కో సామాను ఎత్తి, పేరు చెప్పి, ఎలా వాడాలో చూపిస్తుంది. ఇది టీవీలో వంటల కార్యక్రమం లాంటిదే కదా అనుకునేలోపు తేడా తెలుస్తుంది. ఆవిడ నవ్వదు. ఫోర్కు గాల్లో పొడుస్తుంది. గరిటెతో లేని పులుసు తీసి విసిరేస్తుంది. చివరి అక్షరాలకి సామాన్లు అయిపోతాయి. చాకూ, ఫోర్కూ చేతుల్లో పట్టుకుని ఒళ్ళంతా ఊపుతూ ఆ అక్షరాలను తనే గాల్లో గీస్తుంది.

డాబా మీద మొదటి నిమిషం గుసగుసలు. "ఏటి, తిక్కా?" అన్నారెవరో. గరిటె విసురు చూశాక ఎదురింటి అక్క చాప మీంచి ముందుకు వంగింది. వీడియో అయిపోగానే, "తెలుగులో చేస్తే?" అంది. ఇక మొదలు. అ అంటే అట్లకాడ. ఇ అంటే ఇడ్లీ రేకులు. ఉ దగ్గర ఉగ్గుగిన్నె అన్నారు మామ్మగారు. క కి కవ్వమా కత్తిపీటా అని పిన్నీ వదినా వాదులాడుకున్నారు. చ చాట, జ జల్లెడ, త తిరగలి. ప దగ్గర అక్క లేచి నిలబడింది. పప్పుగుత్తి పట్టుకున్నట్టు రెండు చేతులూ కలిపి గిన్నె లేని గాల్లో పప్పు మెదిపింది. ముందు మామూలుగా, తర్వాత జోరుగా. మోచేతులు పక్కటెముకలకి అదుముకుని, పళ్ళు బిగించి, ఆపకుండా మెదిపింది. అందరం నవ్వుతున్నవాళ్ళం ఆగిపోయాం. ఆవిడ ఆపి చేతులు కొంగుకి తుడుచుకుంది. చేతికి ఏమీ అంటలేదు, అయినా తుడుచుకుంది. గిన్నె తీసేసి చేతి ఊపును మాత్రం ఉంచితే దానిలో దాగి ఉన్న కోపం బయటికి వస్తుందని రోస్లర్ కనిపెట్టింది. మా అక్కకి ఎవరూ వివరించలేదు, ఒంటితోనే అందుకుంది.

తర్వాతది తెలుగుది. 'ఇది కథ మాత్రమేనా', 1983, ఇరవై అయిదు నిమిషాలు. వీడియో కాదు, ఫిలిం మీద తీసింది. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావ్, నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి 1980లో పెట్టుకున్న యుగాంతర్ బృందం, హైదరాబాద్‌లోని ఆడవాళ్ళ సంఘం స్త్రీ శక్తి సంఘటనతో కూడి తీసింది. మూడేళ్ళ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ళ గొంతులతో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది ఈ సంఘమే. రాసుకున్న డైలాగులు చదివించినట్టు ఉండదు. సంఘంలోని ఆడవాళ్ళు మాట్లాడుకుని, విన్నవీ పడ్డవీ కలుపుకుని, అప్పటికప్పుడు అల్లుకున్నారు. పెళ్ళయిన చదువుకున్న ఆడమనిషి, ఇల్లు, మొగుడు, చేయి చేసుకోవడం, ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం, చివరికి ఇంకో ఆడదానితో కుదిరిన స్నేహం. కథ అంతే. కానీ అప్పటి మన సినిమాల్లో చాలావాటిలో మొగుడు కొడితే భార్య ఓర్చుకుని మనసు మార్చేది, లేదా చచ్చిపోయేది. ఇందులో ఆమె ఇంకొకరితో మాట్లాడుతుంది. భార్య మీద భర్తా అత్తింటివారూ చూపే క్రౌర్యం నేరమని 498ఎ సెక్షన్ చట్టంలో చేరింది కూడా ఆ 1983 చివర్లోనే.

ఈ ప్రింటును ఈమధ్య కాలంలో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ బాగుచేయించింది. ఇప్పుడు దీన్ని ప్రపంచమంతా ఆర్ట్ గ్యాలరీల్లో, ఫిలిం ఉత్సవాల్లో చూస్తున్నారు. మన ఊళ్ళ డాబాల మీద చూడాల్సిన సినిమా ఇది. అందరూ చూస్తున్నంతసేపూ మామ్మగారు తెర వైపు కాక కొత్తపల్లి అమ్మాయి వైపు చూస్తున్నారు. ఎందుకో నాకు తెలీదు, అడగలేదు. బొమ్మ అయిపోయాక ఎవరూ లేవలేదు. పిన్ని మంచినీళ్ళ చెంబు అందరికీ తిప్పింది.

మూడోది మోనా హాటూమ్ చేసిన 'మెజర్స్ ఆఫ్ డిస్టెన్స్'. 1988, పదిహేను నిమిషాలు. హాటూమ్ వాళ్ళది పాలస్తీనా కుటుంబం. ఇల్లూ ఊరూ పోగొట్టుకుని బీరూట్ చేరారు, ఆమె పుట్టింది అక్కడే. 1975లో లండన్ వెళ్ళినప్పుడు లెబనాన్‌లో యుద్ధం మొదలై అక్కడే ఉండిపోయింది. ఈ వీడియోలో తెర నిండా అరబ్బీ రాత, వాళ్ళమ్మ ఉత్తరాలు. ఆ రాత వెనకాల వాళ్ళమ్మ స్నానం చేస్తున్న ఫొటోలు. ఒక పక్క అమ్మా కూతుళ్ళు నవ్వుకుంటూ మాట్లాడుకున్న రికార్డింగు, మరో పక్క ఆ ఉత్తరాలను ఇంగ్లీషులో చదువుతున్న కూతురి గొంతు. నేను పక్కనుంచి తెలుగులో చెబుతున్నాను. ఆ ఫొటోలు తీసినందుకు నాన్నకి కోపమొచ్చిందని ఉత్తరంలో అమ్మ రాస్తుంది. ఆయనకి మాత్రమే చెందినదేదో కూతురు ఎత్తుకుపోయినట్టు ఆయన కోపం.

స్నానం బొమ్మ రాగానే వదిన గబుక్కున మెట్ల వైపు చూసింది, మగవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని. మామ్మగారు మాత్రం కదల్లేదు. "అమ్మవారి ఒంటి ముక్క పడ్డ ఊళ్ళో ఒంటికి సిగ్గేంటే?" అన్నారు. పాదగయ దగ్గర కుక్కుటేశ్వరుడి గుడి ప్రాంగణంలో ఉన్న పురుహూతికా దేవి సంగతి అది. సతీదేవి పీఠభాగం పడిన చోటు గనక పీఠికాపురం అయిందని స్థలపురాణం, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి. ఆడదాని ఒళ్ళు నేల మీద పడి ఊరయిన కథను రోజూ మొక్కుతున్న ఊరు మాది. అదే ఊళ్ళో ఆడది, తన ఒళ్ళు తనది అనుకోవడానికి మెట్ల వైపు చూసుకోవలసి వస్తోంది. మామ్మగారి మాట ఆ రెంటినీ ఒకచోట నిలబెట్టింది.

డిగ్రీ పిల్ల బొమ్మ చూడటం లేదు, వింటోంది. ఆమెకి ఆ నవ్వులు తెలుసు. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనికి ఉంది. గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్ళు అలా వెళ్ళి, అక్కడి పిల్లల్ని పెంచి, ఇక్కడి పిల్లల్ని ఫోన్లో పెంచుకొస్తున్నారు. "మా అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల టైల్సే కనపడతాయండి," అంది ఆ పిల్ల. "వంటిల్లో, బాత్రూమో, అంతే. అక్కడ వాళ్ళ హాలెలా ఉంటదో నాకు తెలీదు. తల మీద గుడ్డ తీసి జుట్టు చూపించమంటాను. నెరిసిందేమో చూద్దామని." కాసేపాగి, "మా ఇంటికొస్తే అమ్మ చుట్టంలా కూర్చుంటది. రెండేళ్ళకోసారి. స్విచ్చులెక్కడున్నాయో మర్చిపోద్ది," అంది.

కొత్తపల్లి అమ్మాయి అంతవరకూ మాట్లాడలేదు. "దేశం దాటక్కర్లేదు. నాకూ ఇక్కడ స్విచ్చులు అలవాటవ్వడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మా పుట్టింట్లో లైటెయ్యబోతే ఫ్యాను తిరుగుతోంది," అంది. ఎవరికి వాళ్ళు తమ పుట్టింటి స్విచ్చు బోర్డు గుర్తు చేసుకుంటున్నట్టున్నారు. హాటూమ్ అరబ్బీ అక్షరాలతో దూరాన్ని చూపించింది. వీళ్ళు స్విచ్చు బోర్డుతో చెప్పారు. ఇది నా ఇల్లు అని ఒంటికి ఎప్పుడు తెలుస్తుందో, అది పోయిందని ఎప్పుడు తెలుస్తుందో ఇంత సూటిగా చెప్పిన మాట నేను ఏ గ్యాలరీ గోడ మీదా చదవలేదు.

ఇక రెండో దుప్పటి కడదాం. మొదటి దానికి ఎదురుగా, నీళ్ళ ట్యాంకు వైపు. ఇరానీ కళాకారిణి షిరిన్ నెషాత్ 1998లో చేసిన 'టర్బ్యులెంట్' గురించి ముందు వీళ్ళకి చెప్పాలి. అందులో ఎదురెదురుగా రెండు తెరలు, ప్రేక్షకులు మధ్యలో. ఒక తెర మీద మగ గాయకుడు, వెనకాల హాలు నిండా మగవాళ్ళు. అతను పాడి దండం పెడితే చప్పట్లు. రెండో తెర మీద ఒక స్త్రీ, ఎదురుగా ఖాళీ కుర్చీలు. ఇరాన్‌లో ఆడది మగవాళ్ళున్న బహిరంగ సభలో ఒంటరిగా పాడకూడదు. అటు చప్పట్లు ఆగాక ఆమె మాటలు లేని పాట ఎత్తుకుంటుంది. గుక్కలు, కేకలు, ఊపిరి మాత్రమే. మొదటి తెర మీది మగవాళ్ళంతా కదలకుండా వింటారు. ఆ మరుసటి ఏడాది వెనిస్ బినాలేలో నెషాత్‌కి బహుమతి వచ్చింది.

ఆ వీడియో నేను వేయలేదు. మనకి సొంతంగా రెండు తెరలున్నాయి. మొదటి దుప్పటి మీద కూచిపూడి కళాకారులు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం రికార్డింగు పెట్టాను. తెర పట్టుకున్నారు. తెర మీంచి జడ బయటపడింది. సత్యభామ ముఖం కన్నా ముందు జడే ప్రవేశిస్తుంది, నా అంతటి దాన్ని నేనే అని చాటడానికి. తర్వాత తెర తొలగి ఆమె, ఆ మెడ, ఆ వాలుచూపు, కోపంలో కింద పెదవి మీద పన్ను. "ఎంత బావుందండి!" అంది అక్క. మగాయన అని చెప్పగానే డిగ్రీ పిల్ల ఫోను పక్కన పెట్టేసి తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది. కూచిపూడి కుటుంబాల్లో స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. శర్మ గారికి 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ. ఆ గౌరవం ఆయనకి తగినదే. ఆడతనం ఒంటితో పుట్టదని, సాధనతో వస్తుందని ఆయన మెడ తిప్పిన తీరు చూస్తేనే తెలిసిపోతుంది.

రెండో దుప్పటి మీద ఏమీ లేదు. ప్రొజెక్టర్ ఒకటే, పక్క వెలుతురు మాత్రం పడుతోంది. ఆ ఖాళీ దుప్పటి ఈ పక్క వీధి గుడిలో ఆడిన ఆడవాళ్ళది. కుంతీమాధవస్వామి గుడిలో, ఆటపాటలే కులవృత్తిగా ఉన్న కళావంతుల స్త్రీలు నవజనార్దన పారిజాతం ఆడేవారు, తొమ్మిది రాత్రులు. అక్కడ సత్యభామ ఆడదే, జడ ఆమెదే. గోదావరి సీమలో భామాకలాపానికి ఆ స్త్రీల చేతుల్లో మరో బతుకుండేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రాజమండ్రిలో వీరేశలింగం గారు, తర్వాత రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు మేజువాణీలకి, అంటే ఆ స్త్రీల ఆటపాటల సభలకి, వ్యతిరేకంగా నిలబడ్డారు. నాయుడు గారు 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలు, మా రాజా వారికి గురుతుల్యులు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చి, గుళ్ళలో ఆడవాళ్ళ నాట్యాన్నీ దాని కింద చట్టవిరుద్ధం చేసింది.

ఇక్కడ నా మనసు చెప్పాలి. చిన్న పిల్లలకి దేవుడి పేరుతో పుస్తె కట్టి ధనవంతుల పాలు చేసే ఆచారం పోవలసిందే, అది మళ్ళీ రావాలని ఏ ఆడదీ కోరదు. సంస్కర్త ముత్తులక్ష్మి రెడ్డి గారు దాన్ని ఆపడం కోసం పోరాడింది ఆ ఇళ్ళ బాధ దగ్గరగా తెలిసే. కానీ ఆచారాన్ని ఆపిన చట్టమే గుళ్ళో ఆ స్త్రీల నాట్యాన్ని కూడా నేరం కింద కట్టింది. వాళ్ళకి ఏం కావాలో పట్టించుకోలేదు. అదే కాలంలో అదే సత్యభామను మగవాడు వేస్తే శాస్త్రీయ కళ అయింది. కొందరు స్త్రీలు తలుపులు మూసుకుని, ఇళ్ళలో తమ కోసం తాము పాడుకుని అభినయించుకున్నారని దవేష్ సోనేజీ 2012 నాటి 'అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్' పుస్తకంలో రాశారు. తొంభైల్లో నర్తకి స్వప్నసుందరి గోదావరి జిల్లాల కళావంతుల పెద్దల దగ్గర నేర్చుకుని, ఆ నాట్యాన్ని విలాసినీ నాట్యం పేరుతో మళ్ళీ వేదికెక్కించారు. అప్పటికి ఆ పెద్దలు ముసలివాళ్ళయిపోయారు. గది తలుపు వేసుకుని తన కోసం తాను అభినయించుకునే స్త్రీకి ఎదురుగా ఆనాడు ఒక పోర్టాపాక్ ఉండి ఉంటే అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. వీడియో కళకి కావలసినవన్నీ ఆ గదిలో ఉన్నాయి, కెమెరా తప్ప.

"మా అత్తగారు చెప్పేవారు," అన్నారు మామ్మగారు. "మంచి ఇళ్ళ ఆడది గొంతెత్తి పాడకూడదని. పాడితే ఎవరితో పోలుస్తారో తెలుసు కదా. కాపరానికొచ్చిన కొత్తలో వంటింట్లో పాడాను. ఆవిడ ఒక్క మాటే అన్నారు. అంతే, మానేశాను."

"ఇప్పుడు పాడండి మామ్మగారూ," అంది అక్క.

"అడగొద్దు," అన్నారావిడ. గట్టిగానే అన్నారు. ఎవరూ అడగలేదు.

గుడి వీధిలో ఆ స్త్రీల నోరు మూయించిన భయం ఈ ఇంటి వంటగదిలోకి వచ్చి కోడలి నోరూ మూయించింది. వాళ్ళూ మనమూ వేరు అని ఇన్నాళ్ళూ గీసిన గీతకి రెండు పక్కలా పోయింది పాటే. డిగ్రీ పిల్ల రెండో దుప్పటికి అడ్డంగా నిలబడి ఉంది, నీడ పెద్దదిగా పడింది. రబ్బరు బ్యాండు తీసి జుట్టు ముందుకి వేసుకుని, జడ లేకపోయినా జడ విసిరినట్టు చెయ్యి ఆడించింది. వదిన ఈల వేసింది. ఆవిడకి ఈల వచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి అక్క వచ్చి నా ఫోను అడిగింది. తన వంటింట్లో పెడతానంది. ఎలా పెట్టాలో నేనేమీ చెప్పలేదు. పోపుల డబ్బాకీ గోడకీ మధ్య ఇరికించి, రికార్డు నొక్కి వెళ్ళిపోయింది. మెమరీ నిండిపోయి దానంతటదే ఆగేదాకా అది అక్కడే ఉంది. మధ్యాహ్నం పిన్ని వాళ్ళ టీవీకి కలిపి చూశాం.

తెరలో పొయ్యి, సగం కిటికీ, అక్క మోచేయి. ఆమె ముఖం అరుదుగా కనిపిస్తుంది. చాలాసార్లు తెరలోంచి వెళ్ళిపోతుంది, అప్పుడు చప్పుళ్ళే. కుళాయి, మిక్సీ, బిందె ఈడ్చిన చప్పుడు. ఒక మగ గొంతు, "నా కళ్ళజోడేదీ?" అక్క గొంతు, "టీవీ మీద." అదే గొంతు ఇంకోసారి, ఈసారి తాళంచెవి. గిన్నె మీద మూత ఎగురుతోంది, తీయడానికి ఎవరూ లేరు. ఆమె పరుగున వచ్చి కొంగుతో మూత తీసి మళ్ళీ పోతుంది. ఒకచోట పొయ్యి పక్కన నిలబడి ఇడ్లీ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, రెండో చేత్తో కూర కలుపుతోంది. రెండో ముక్క పెట్టుకోబోతుంటే ఎవరో పిలిచారు. ముక్క గట్టు మీద పెట్టి వెళ్ళింది. ఆ ముక్క చాలాసేపు తెర మధ్యలో అలాగే ఉంది. తర్వాత వచ్చి అక్కడ గుడ్డతో తుడిచేసింది, ముక్కతో సహా.

"నేను నిలబడే తింటున్నానా?" అంది అక్క, టీవీ ముందు కూర్చుని.

మన దేశంలో 2019లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనిలో గడిపేవారు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ లెక్క నాకు ఎప్పటినుంచో తెలుసు. కానీ గట్టు మీది ఆ ఇడ్లీ ముక్కను చూస్తూ కూర్చున్న నిమిషాలే నాకు ఆ అంకె బరువు చూపించాయి. సినిమా అయితే అక్కడ కట్ చేసేవారు. అలా తెంచేయకపోవడమే వీడియో కళ ఆడవాళ్ళకి చేసిన మేలు.

"బావుందే, కొంచెం చిన్నది చేసి పెట్టు," అంది వదిన. "మూత ఎగిరినదీ, కళ్ళజోడూ, ఇడ్లీ. అయిదు నిమిషాలు. అందరూ చూస్తారు."

"వద్దు," అంది అక్క. "తెంచొద్దు."

"రెండు గంటలు ఎవరు చూస్తారక్కా?"

"నేను చేసేది రెండు గంటలేగా."

పిన్నికి ఇంకో అనుమానం. "మీ ఆయనకి చూపిస్తావా?"

అక్క ఆలోచించింది. టీవీలో ఆమె అప్పటికి పప్పు దించేసి పెనం పెట్టింది. "చూపిస్తాను. మధ్యలో లేవకుండా కూర్చుంటానంటేనే. మంచినీళ్ళు కావాలన్నా, కళ్ళజోడు కావాలన్నా ఆపను, నేనూ లేవను. పక్కనే కూర్చుంటాను."

"ఆ పూట వంట?"

"ముందే చేసేస్తాను," అంది, వెంటనే ఆగింది. కొత్తపల్లి అమ్మాయి ఆవిడ వైపే చూస్తోంది.

"లేదు," అంది అక్క. "ఆ పూట బయట నుంచి తెప్పించమంటాను."